పై ఫ్లాట్ షవర్ నీళ్లు కింది ఇంటి సీలింగ్‌లోకి దిగితే నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాది రెండో అంతస్తు ఫ్లాట్. రెండు నెలల కిందట కొత్త షవర్ ట్రే పెట్టించాం. సామాను కొన్న దుకాణం వాళ్లే ప్లంబర్‌ను పంపారు. కూలి రూ.3,000 అతనికే ఫోన్‌పేలో కట్టాం. డ్రెయిన్ లోపలి నట్టు బిగించే పనిముట్టు అతని దగ్గర లేదు. కటింగ్ ప్లేయర్ పిడులు నట్టు గాడిలో పెట్టి, మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాడు. చివర్లో సుత్తితో కొట్టి బిగించాడు. ఇప్పుడు కింది ఫ్లాట్ ఫాల్స్ సీలింగ్ తడిసి ఊడింది. వాళ్లు రూ.60,000 అడుగుతున్నారు. ప్లంబర్ ‘బిల్డింగ్ పాతది’ అంటున్నాడు. దుకాణం వాళ్లు ‘అతను మా మనిషి కాదు’ అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: కేసు సంగతి తర్వాత. ముందు ఆ నట్టు, దాని కింది రబ్బరు వాషర్ మీ చేతికి రావాలి. మరో ప్లంబర్‌ను పిలిస్తే పాత సామాను విప్పి చెత్తలో పారేస్తాడు. అలా పారేస్తే మీ కేసు సగం పోయినట్టే. ఆ షవర్ వాడటం ఈరోజే ఆపేయండి.

విప్పే ముందు లీకు ఎక్కడిదో తేల్చండి. షవర్ వాడకపోయినా కింద చుక్కలు పడుతుంటే అది సరఫరా పైపుది కావచ్చు. అప్పుడు ప్లంబర్ వాదనకు బలం వస్తుంది. ట్రేలో నీళ్లు పోసినప్పుడే కారితే అనుమానం డ్రెయిన్ మీదకు వస్తుంది. డ్రెయిన్ మూతికి బిరడా పెట్టి నీళ్లు నిలబెడితే ట్రేకీ డ్రెయిన్‌కీ మధ్య అతుకు మాత్రమే తేలుతుంది. పైపు చుట్టూ రబ్బరును నొక్కే నట్టు అంతకంటే కింద ఉంటుంది, దాని దాకా ఆ నీళ్లు పోవు. కాబట్టి బిరడా తీసి, రంగు కలిపిన బకెట్ నీళ్లు డ్రెయిన్‌లోకి పోయండి. పైన పోయడం, కింద రంగు నీళ్లు కారడం రెండు ఫోన్లలో వీడియో తీయించండి. కింది ఇంటివారిని సాక్షిగా ఉంచుకోండి.

తర్వాత పనిముట్టు ఉన్న ప్లంబర్‌తో విప్పించి, ప్రతి దశకూ ఫొటో తీయండి. చూడాల్సినవి మూడు. ఒకటి, నట్టు గాడుల అంచులు విరిగాయా? స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఒకే వైపు కొడితే నట్టు ఒరిగిపోతుంది, రబ్బరు ఒక పక్క నలిగి మరో పక్క వదులవుతుంది. రెండు, నట్టు మీద సన్నని పగులు ఉందా? మూడు, పైపు పొట్టిగా కోశారా? పైపు రబ్బరు దాటి పైకి రాకపోతే ఎంత బిగించినా నీళ్లు ఆగవు. అది కూడా పని లోపమే. చాలా కంపెనీలు డ్రెయిన్‌తో పాటు నట్టు తిప్పే ప్లాస్టిక్ కీ, బిగించే పద్ధతి కాగితం పెట్టెలోనే ఇస్తాయి. మీ పెట్టె వెతకండి. కీ ఉండి కూడా వాడలేదంటే అతని దగ్గర జవాబుండదు. విప్పిన ప్లంబర్ చేత తేదీ, సంతకంతో ఏం కనిపించిందో రాయించుకుని, విడిభాగాలు సంచిలో కట్టి దాచండి.

చేతికందిన పనిముట్టుతో బిగించడమే నేరం కాదు. నట్టు సమంగా కూర్చుని, నీళ్లు పోసి పరీక్షించి ఇచ్చి ఉంటే తప్పు పట్టలేం. తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవా లోపం. డబ్బు తీసుకుని చేశాడు కాబట్టి ప్లంబర్ సేవ ఆ చట్టం కిందకు వస్తుంది. ఊరికే చేసిపెట్టి ఉంటే వచ్చేది కాదు. ‘పనిముట్టు లేకపోయినా ఫర్వాలేదు, ఈరోజే కానివ్వు’ అని మీరే తొందరపెట్టి ఉంటే మీ పరిహారం తగ్గవచ్చు. ఆ మాట మీ వకీలు దగ్గర దాచకండి.

దుకాణం బాధ్యత బిల్లు మీద ఆధారపడుతుంది. బిల్లులో ఫిట్టింగ్ చార్జీ ఉంటే తప్పించుకోలేరు. లేకపోతే, వాళ్లే మనిషిని పంపినట్టు చూపించే వాట్సాప్ సందేశాలు, కాల్ వివరాలు కావాలి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి.

కింది ఇంటివారికి ప్లంబర్‌తో ఒప్పందం లేదు, వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. ప్లంబర్ చేసిన ప్రతి తప్పుకూ మీరు బాధ్యులు కారు. కానీ నీళ్లు కారుతున్నాయని తెలిశాక కూడా షవర్ వాడితే ఆ తర్వాతి నష్టం మీదే. రూ.60,000 అడగ్గానే ఇచ్చేయకండి. తడిసిన భాగానికి ఎస్టిమేట్ అడగండి. పాత సీలింగ్ మొత్తం కొత్తది చేయించే ఖర్చు మీరు మోయనక్కర్లేదు. మీరిచ్చిన న్యాయమైన మొత్తానికి రసీదు తీసుకోండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం సహజంగా కలిగే నష్టం కాబట్టి దాన్ని ప్లంబర్ నుంచి అడగవచ్చు. నష్టం పెరగకుండా మీరు ఆపారా అన్నది కూడా అక్కడే చూస్తారు.

ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చిత్తూరు వెళ్లే పని లేదు. సరుకుకు, సేవకు కట్టిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. లీకు బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వీడియోలు దాఖలు చేసేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయడం మంచిది. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

మధ్యలో ప్లంబర్ డబ్బు కడతానంటే నోటిమాటతో వదలకండి. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోండి. అక్కడ ఇచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. కట్టకపోతే నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు.