పాత పేరు, కొత్త చేయి: లగ్జరీ ఫ్యాషన్ సంస్థల వారసత్వంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నెల్లూరు చిన్నబజారులో మా కుటుంబం రెండు తరాలుగా చీరల దుకాణం నడుపుతోంది. మా అమ్మాయి చెన్నైలో ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. ప్యారిస్, మిలాన్ సంస్థలు నూరేళ్ల చరిత్రను గొప్పగా చెప్పుకుంటూనే నాలుగైదేళ్లకొకసారి డిజైనర్‌ను మార్చుకుంటాయనీ, 2025లో షనెల్, డియోర్, గుచ్చి మూడింటిలోనూ కొత్తవారు పని మొదలుపెట్టారనీ ఆమె చెబుతోంది. మనిషి మారితే బట్ట తీరు కూడా మారుతుంది కదా! అలాంటప్పుడు వారు చెప్పుకునే వారసత్వం దేనిలో ఉన్నట్టు?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. షనెల్‌కు మాథ్యూ బ్లేజీ, డియోర్‌కు జొనాథన్ ఆండర్సన్, గుచ్చికి డెమ్నా క్రియేటివ్ డైరెక్టర్లుగా వచ్చారు. పత్రికలన్నీ ఈ రాకపోకల గురించే రాస్తాయి గనుక, సంస్థ అంటే డిజైనరే అన్న అభిప్రాయం మనకు కలుగుతుంది. కానీ డిజైనర్ వెళ్లిపోయిన మరునాడు కూడా అదే బల్ల దగ్గర కూర్చుని అదే పని చేసేవారు కొందరుంటారు. వారే కుట్టుశాలలోని పనివారు. వారసత్వం ప్రధానంగా వారి చేతుల్లోనే ఉందని నా నమ్మకం.

ప్యారిస్‌లో 'ఓత్ కూచూర్' (ఒక్కొక్కరి కొలతలకు చేతితో కుట్టే మేలురకం దుస్తుల పని) అన్న పేరుకు 1945 నుంచి చట్టరక్షణ ఉంది. సొంత కుట్టుశాల, అందులో నిర్ణీత సంఖ్యలో పనివారు లేని సంస్థ ఆ పేరు పెట్టుకోవడానికి వీల్లేదు. పెద్ద సంస్థల కుట్టుశాలలో సాధారణంగా రెండు విభాగాలుంటాయి. కోటు, జాకెట్ వంటి బిగువైన కుట్టుపని చేసే విభాగాన్ని 'తాయ్యర్' అనీ, ఒంటిమీద జాలువారే పలుచని వస్త్రాల పని చేసే విభాగాన్ని 'ఫ్లూ' అనీ అంటారు. డిజైనర్ గీసిన బొమ్మను అర్థం చేసుకుని, ముందుగా తెల్లని నూలుబట్టతో నమూనా కుట్టి, దాన్ని సరిదిద్దిన తరువాతే అసలు బట్టకు కత్తెర పెట్టడం వీరి పద్ధతి.

డియోర్ సంగతే చూడండి. క్రిస్టియన్ డియోర్ 1947 ఫిబ్రవరి 12న తన తొలి ప్రదర్శన పెట్టారు. యుద్ధకాలపు బట్ట కొరతకు అలవాటుపడిన ప్యారిస్‌లో, సన్నని నడుము, ఎత్తుగా నిలిచే తుంటిభాగం, గజాలకొద్దీ బట్ట పట్టే వెడల్పైన పావడాలతో వచ్చిన ఆ తీరుకు 'న్యూ లుక్' అన్న పేరు స్థిరపడింది. ఆయన 1957లో మరణించారు. అంటే సంస్థ స్థాపకుని చేతిలో ఉన్నది పదేళ్లు మాత్రమే. తరువాత 21 ఏళ్ల ఈవ్ సాన్ లోరాన్ మొదలు మార్క్ బోహాన్, జాన్ గలియానో, రాఫ్ సైమన్స్, మరియా గ్రాజియా కియూరి వరకు ఎందరో వచ్చారు. ఒకరి అభిరుచికి మరొకరి అభిరుచికి పొంతన లేకపోయినా, నడుము దగ్గర బిగిసి తుంటి మీద విచ్చుకునే 1947 నాటి 'బార్' జాకెట్ వద్దకు మళ్లీ మళ్లీ వచ్చారు. ఒకరు దాన్ని నాటకీయంగా పెంచితే, మరొకరు లోపలి బిగువు తగ్గించి నేటి స్త్రీలు రోజూ వేసుకునేలా తేలిక చేశారు. ఆ జాకెట్‌ను ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ మెత్త పెట్టాలో తెలిసిన పనివారు ఉన్నందువల్లనే ఈ మార్పులన్నీ సాధ్యమయ్యాయి.

షనెల్ నాకు ఇంతకంటే మంచి ఉదాహరణగా కనిపిస్తుంది. ఆ సంస్థ ట్వీడ్ (ముతక ఉన్ని బట్ట) జాకెట్ అంచుకు లోపలివైపు సన్నని గొలుసు కుట్టి ఉంటుంది. జాకెట్ పైకి లేవకుండా, ఒంటిమీద నిటారుగా దిగాలన్నది దాని ప్రయోజనం. బయటికి కనిపించని ఆ గొలుసు కోకో షనెల్ కాలంలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆమె 1971లో మరణించిన పన్నెండేళ్లకు, 1983లో కార్ల్ లాగర్‌ఫెల్డ్ వచ్చి అదే జాకెట్‌ను పొట్టిగా చేశారు, రంగులు మార్చారు, జీన్స్ మీద వేయించారు. రూపు పూర్తిగా మారినా పనితనం మారలేదు. మరొక ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ సంస్థ తనకు పని చేసిపెట్టే చిన్న కార్ఖానాలు మూతపడకుండా వాటిని ఒక్కొక్కటిగా కొనుగోలు చేసింది. 1985లో గుండీలు చేసే దెరూ, 1996లో ఈకలు, బట్టపూల పని చేసే లెమారియే, 2002లో ఎంబ్రాయిడరీ చేసే లెసాజ్ దాని నీడకు చేరాయి. 2002 నుంచి ఈ చేతిపనివారి నైపుణ్యం చూపడానికే ఏటా ప్రత్యేక ప్రదర్శన పెడుతున్నారు. ఆ కార్ఖానాలు ఇతర సంస్థలకు కూడా పని చేస్తాయి. వారసత్వం మీద పెట్టుబడి అంటే ఇదే అని నేను అనుకుంటాను.

పేరును మాత్రమే వారసత్వంగా భావించిన వారి కథ వేరు. 1947లో డియోర్ కుట్టుశాలలో పనిచేసిన పియర్ కార్డాన్ ఎంతో ప్రతిభావంతుడైన డిజైనర్. తరువాత తన పేరును వందలాది లైసెన్సుల కింద పెన్నులకూ, తువాళ్లకూ ఇచ్చారు. ఆదాయం దండిగా వచ్చింది గానీ ఆ పేరుకున్న అరుదైన విలువ పలుచబడింది. బ్రిటిష్ సంస్థ బర్బెర్రీ 2018లో తన పేరు ముద్రలోని పాత అక్షరాలను తీసి సాదా అక్షరాలు పెట్టుకుని, 2023లో గుర్రపు రౌతు బొమ్మను మళ్లీ తెచ్చుకుంది. ఆ సంస్థ అసలు బలం అక్షరాల్లోనూ, రౌతు బొమ్మలోనూ లేదు. థామస్ బర్బెర్రీ 1879లో రూపొందించిన గాబర్డిన్ అనే బట్టలో ఉంది. నూలును ముందే నీరు పట్టకుండా చేసి, తరువాత దట్టంగా నేయడం అందులోని నేర్పు. వర్షపు కోటుకు అవసరమైన ఆ బట్టే ఆ సంస్థను నిలబెట్టింది.

కాబట్టి కొత్త డైరెక్టర్ వచ్చినప్పుడు ఆ మార్పు మంచిదో కాదో తేల్చుకోవడానికి, ఆయన పాత పనిలోని ఏ నేర్పును చేతికి తీసుకున్నారో గమనించమని మీ అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: మాది పాటూరు, చేనేత కుటుంబం. పాత అంచులు, పాత బుటాలు నేస్తే పడుచువాళ్లు కొనడం లేదని వ్యాపారులు అంటున్నారు. కొత్త డిజైన్ వేస్తే కొద్ది రోజుల్లోనే మరమగ్గాల మీద దాని నకలు వస్తోంది. పెద్ద పెద్ద సంస్థలు ఈ ఇబ్బందిని ఎలా తట్టుకుంటున్నాయి?
(ఒక చేనేత కార్మికుడు, కోవూరు మండలం)

జవాబు: నకలు బాధ వారికీ పాతదే. ఫ్రెంచి సంస్థ లూయీ వితాన్ ప్రయాణపు పెట్టెల మీది చారల బట్టను ఇతరులు అనుకరించడంతో 1888లో గళ్ల బట్ట తెచ్చారు. దాన్నీ అనుకరించడంతో 1896లో స్థాపకుని కుమారుడు జార్జ్ పొడి అక్షరాలు, పువ్వులు కలిసిన ముద్రను రూపొందించారు. నేడు ప్రపంచంలో అత్యధికంగా నకలుకు గురయ్యే ముద్రల్లో అది ఒకటి. బొమ్మను బొమ్మతో కాపాడుకోవడం కష్టమని దీనివల్ల తెలుస్తోంది.

1837లో గుర్రపు జీను సామగ్రి పనితో మొదలైన ఫ్రెంచి సంస్థ ఎర్మెస్ వేరే దారి పట్టింది. మైనం పట్టించిన నార దారంతో, రెండు సూదులతో, రెండువైపుల నుంచి చేతితో వేసే జీనుకుట్టును సంచుల తయారీలోకి తెచ్చింది. మిషను కుట్టులో ఒకచోట దారం తెగితే వరస ఊడివస్తుంది, జీనుకుట్టులో అలా ఊడదు. ఇటలీలోని బొత్తెగా వెనెతా సంస్థకు తోలు పట్టీల అల్లికే గుర్తు. 2018లో అక్కడికి వచ్చిన డిజైనర్ డేనియల్ లీ ఆ అల్లికను వదలలేదు, దాని పరిమాణం మార్చారు. సన్నని పట్టీలకు బదులు మెత్త నింపిన వెడల్పాటి పట్టీలతో అల్లించారు. అల్లిక పాతదే అయినా సంచి సరికొత్తగా కనిపించి యువతను ఆకట్టుకుంది.

మీకు ఇది సరిగ్గా వర్తిస్తుంది. వెలుగోటి సంస్థానాధీశుల ఆదరణలో పెరిగిన వెంకటగిరి నేతనే తీసుకోండి (2022లో జిల్లాల పునర్విభజనతో వెంకటగిరి తిరుపతి జిల్లాలో చేరినా, ఆ చీరను నెల్లూరు వారు తమదిగానే చూసుకుంటారు). అక్కడి జాందానీ పనిలో ప్రతి బుటాకూ విడిగా చిన్న కండెలతో అదనపు పేకను (అడ్డపోగును) చేతితో ఇముడ్చుతారు, ఆ దారం బుటా అంచు దగ్గరే వెనుదిరుగుతుంది. మరమగ్గపు నకలులో సాధారణంగా ఆ దారం ఒక బుటా నుంచి మరొక బుటాకు వెనుకవైపు సాగుతుంది, దాన్ని తరువాత కత్తిరిస్తారు. ఆ కత్తిరింపు మొనలు చీర తిరగేస్తే తెలుస్తాయి. కొనేవారికి చీర వెనుకవైపు చూపించే అలవాటు మన దుకాణాల్లో పెరగాలి. హంసనూ, మామిడిపిందెనూ మానేయవలసిన పని లేదు. బుటాను అరచేయంత పెంచి మూడు నాలుగు చోట్లే ఉంచండి, లేదా గోరంత చేసి ఒకే రంగు బట్ట మీద తెల్లటి దారంతోనే నేయండి. పాత నేర్పుతోనే నేటి కంటికి నచ్చే చీర వస్తుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. కొన్ని రకాల చీరలను చేనేతకే ప్రత్యేకించిన చట్టం 1985 నుంచి ఉంది. 2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్ కొనేవారికి ఆనవాలుగా పనికొస్తుంది. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే ఆ గుర్తింపు ప్రాంతం పేరునూ, పద్ధతినీ కాపాడుతుందే తప్ప మీరు నిన్న వేసిన కొత్త డిజైన్‌ను కాపాడదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించాలి. రక్షణ పదేళ్లు ఉంటుంది, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. చీర బజారులోకి రాకముందే దరఖాస్తు చేయాలన్నది మరువకండి. ఒక్కరికి భారమనిపిస్తే సహకార సంఘం ద్వారా ప్రయత్నించండి.

ఇక్కడ నన్ను బాధించే సంగతి ఒకటుంది. ప్యారిస్ సంస్థలో నమూనా కుట్టే ఖర్చు సంస్థదే. మన దగ్గర కొత్త డిజైన్ తొలి చీరకు అచ్చు అతకడం, జాకార్డు అట్టలు మార్చడం, పోగు తప్పినచోట విప్పి మళ్లీ నేయడం వంటి వాటిలో పోయే రోజులన్నీ నేతగాడి కూలిలోంచే పోతున్నాయి. తొలి చీరకు విడిగా కూలి కట్టివ్వమని మాస్టర్ వీవర్లనూ, సంఘాలనూ మీరంతా కలిసి అడగాలి. అది దక్కనంతకాలం కొత్తదనం లేదని నేతగాడిని నిందించే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న: విదేశీ ఖరీదైన దుస్తుల మీది ఎంబ్రాయిడరీ చాలావరకు మన దేశంలోనే జరుగుతుందని విన్నాను. నిజమేనా? నిజమైతే ఆ ఖ్యాతిలో మనవారికి వాటా ఎంత? నేను ఈ రంగంలోకి రావాలనుకుంటున్నాను.
(ఒక ఇంటర్ విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: మన దేశంలో చాలా పని జరుగుతోందన్నది నిజం. 2023 మార్చి 30న డియోర్ ముంబైలోని గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన పెట్టి, తాము ఎంతోకాలంగా పని చేయించుకుంటున్న చాణక్య అనే ఎంబ్రాయిడరీ సంస్థ చేతిపనివారిని బహిరంగంగా గౌరవించింది. మనకు దగ్గరలోని చెన్నైలో లెసాజ్ కుటుంబానికి చెందిన వ్యక్తి 1993లో నెలకొల్పిన 'వస్త్రకళ' అనే ఎంబ్రాయిడరీ సంస్థ ముఖ్యంగా గృహాలంకరణ వస్త్రాల మీద పని చేస్తోంది. ఒంగోలు వీధుల్లో జాకెట్ల మీద వేసే మగ్గం వర్కులో వాడే కొక్కెపు సూదికీ, ఫ్రెంచి వారు ఎంబ్రాయిడరీకి వాడే ల్యూనెవిల్ సూదికీ దగ్గరి పోలిక ఉంది.

ఖ్యాతిలో వాటా మాత్రం అడిగితేనే వస్తోంది. 2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మిలాన్‌లో చూపిన చెప్పులు కొల్హాపురి చెప్పుల్లాగే ఉన్నా మొదట ఆ ప్రస్తావనే చేయలేదు. 2019లోనే ఆ చెప్పులకు భౌగోళిక గుర్తింపు వచ్చి ఉన్నందున కళాకారులు గట్టిగా అడగగలిగారు, సంస్థ కూడా తన ప్రేరణ భారతీయ చేతిపనేనని అంగీకరించింది. మన చీరాల సంగతి గుర్తు చేసుకోండి. అక్కడి రుమాళ్లు ఒకప్పుడు పశ్చిమ ఆఫ్రికా వరకు వెళ్లాయి. ఓడ ఎక్కేసరికి వాటి పేరు మద్రాసు రుమాలు. నేసిన ఊరి పేరు కొన్నవారికి తెలియనే లేదు.

చదువు విషయానికి వస్తే, డిజైన్ కోర్సులో చేరడానికి ముందో, చేరిన తరువాతో చేతిపని (మగ్గం వర్కు గానీ, నేత గానీ) నేర్చుకోవడం మీకు ఎంతో మేలు చేస్తుంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమా కోర్సు ఉంది. ప్రవేశ వివరాలను రాష్ట్ర చేనేత, జౌళి శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.