మైనస్ ఒకటి బదులు ఇరవై అంకెలు!

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సెకండియర్. వాడు రాసిన ప్రోగ్రాంలో -1 రావాల్సిన చోట 18446744073709551615 అని వచ్చింది. చదరంగం గళ్ళలో గింజలు డబుల్ చేసుకుంటూ పోయినా ఇదే నంబరు వస్తుందని మా కొలీగ్ అంటున్నారు. అదెలా? ఇంతకీ ఇది ప్రధాన సంఖ్యేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ కొలీగ్ చెప్పింది కరెక్టేనండీ. మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8 అంటూ 64 గళ్ళూ కూడితే 2 పవర్ 64 కన్నా సరిగ్గా ఒకటి తక్కువొస్తుంది, మన లెక్కలో చెప్పాలంటే దాదాపు లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు. కంప్యూటర్‌లో గళ్ళ బదులు 64 బిట్లుంటాయి (ఒక్కో బిట్‌లో 0 గానీ 1 గానీ ఉంటుంది), అన్నిట్లోనూ 1 ఉంటే అదే నంబరు. మీవాడు మైనస్ అనేదే లేని అన్‌సైన్డ్ టైపు వాడుంటాడు, అందులో సున్నా లోంచి ఒకటి తీస్తే, బండి మీటరు 00000 నుంచి వెనక్కి తిప్పితే 99999 అయినట్టు, టక్కున పై చివరకి పోతుంది.

ప్రధాన సంఖ్య మాత్రం కాదు, చివర 5 ఉందిగా. కానీ అసలు మజా దీన్ని విడగొట్టడంలోనే ఉంది. స్కూల్లో చదివిన ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ ఫార్ములానే మళ్ళీ మళ్ళీ వాడండి, 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 అని వచ్చేస్తుంది, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. ఈ వరసలో (2, 4, 16, 256 అంటూ వర్గం చేసుకుంటూ పోయి, ఒక్కోదానికీ ఒకటి కలిపితే) వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా గట్టిగా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే అంతే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ పగలగొట్టాడు: 641 × 6700417.

641 ఎందుకు భాగిస్తుందో భాగహారం చెయ్యకుండానే చూడొచ్చు, నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. 641 అంటే 5 × 128 + 1, అదే 641 మళ్ళీ 625 + 16 కూడా. మొదటి దాన్నిబట్టి 5 × 128 ని 641తో భాగిస్తే శేషం -1 అనుకోవచ్చు, దాన్ని నాలుగుసార్లు వేసి దాంతోనే గుణిస్తే (128 అంటే 2 పవర్ 7) 625 × 2 పవర్ 28 కి శేషం 1. రెండోదాన్నిబట్టి 625 బదులు -16 పెట్టేయొచ్చు, 16 అంటే 2 పవర్ 4 కాబట్టి మైనస్ 2 పవర్ 32 కి శేషం 1, అంటే 2 పవర్ 32 కి ఒకటి కలిపితే 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఆ కలిపినదే మన 4294967297!

మొత్తం మీద ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటీ ఒక్కసారే, కాబట్టి ఈ నంబరుని నిశ్శేషంగా భాగించేవి 128 ఉన్నాయి.

ఇంకోటి, 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయొచ్చని 1796లో గౌస్ తేల్చాడు. అలా గీయగలమని ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దదానికి 4294967295 భుజాలు, అది మన మొదటి ఐదు కారణాంకాల లబ్ధమే. ఎవరూ గీయరనుకోండి, పెన్సిల్ గీత మందంలోనే వేల భుజాలు కలిసిపోతాయి.