చికాగోనా, డాలసా? థర్మామీటరు ఒక్కటే చూడొద్దు

మే నెల, తిరపతి. గంగజాతర రోజులు, పైన అగ్ని నక్షత్రం. సాయంత్రం ఆరున్నరైనా మిద్దె మీద అడుగు పెడితే అరికాలు చుర్రుమంటోంది. చిత్తూరు నుంచి మా పెదనాన్న కూతురు, తన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. పాప బెంగళూరులో పని చేస్తోంది. కంపెనీ వాళ్లు అక్టోబరులో అమెరికా పంపిస్తామన్నారు. చికాగో ఆఫీసా, డాలస్ ఆఫీసా, వారంలో చెప్పమన్నారట.

"చిన్నమ్మా, చలంటే నాకు శానా భయం. బెంగళూరు డిసెంబరుకే ముక్కు కారిపోతాది. ఎండైతే మనకి అలవాటే గదా, డాలస్ అని చెప్పేస్తా" అంది.

అంతలో కరెంటు పోయింది. ఎవరూ కంగారుపడలేదు. అమ్మ విసనకర్ర తెచ్చి అక్క చేతికిచ్చింది, కుండలో నీళ్లు ముంచి తెచ్చింది, మిద్దె మీద చాపలు పరిచింది. ఇదే 40 డిగ్రీల ఎండ, ఇదే కరెంటు కోత లండన్‌లో అయితే పెద్ద వార్త. మాకు మామూలు సాయంత్రం. పాపకి నేను చెప్పాలనుకున్న మాట అక్కడే దొరికింది.

నేను చికాగోలో పదేళ్లున్నాను, ఆ తర్వాత డాలస్ మారాం. 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 31 డిగ్రీలు. బళ్లు మూసేశారు, చాలాచోట్ల ఉత్తరాలు పంచేవాళ్లు కూడా రాలేదు. నేనేం చేశానంటావా? ఇంట్లో నూలు నైటీలో కూర్చుని, రాగి సంగటి కెలికి, ఊరిబిండి వేసుకుని తిన్నాను. రెండు పొరల అద్దాల కిటికీలు, గోడల్లో దట్టంగా దూది లాంటి పొర, కింద గదిలో గుర్రుమంటూ తిరిగే హీటర్. చికాగో నగరంలో అద్దె ఇంటి యజమాని సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా పగటిపూట కనీసం 68 ఫారన్‌హీట్, అంటే మన 20 డిగ్రీల వెచ్చదనం ఇవ్వాలని రూలే ఉంది. అంటే ఆ ఊరు చలిని ఏటా వచ్చే చుట్టంగా లెక్కేసుకుని కట్టుకున్న ఊరు.

ఇక డాలస్. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చింది. 16వ తేదీ పొద్దున మైనస్ 19. చికాగోతో పోలిస్తే పన్నెండు డిగ్రీలు నయమే కదా! కానీ ముందు రోజు తెల్లవారకముందే కరెంటు పోయింది. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రానికి కరెంటు గ్రిడ్ దాదాపు వేరుకాపురం, పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకునే వీలు చాలా తక్కువ. గ్యాసు బావుల దగ్గరా, పవర్ ప్లాంట్లలోనూ చలికి పరికరాలు గడ్డకట్టి ఆగిపోయాయి. నలభై అయిదు లక్షల ఇళ్లకు పైగా చీకట్లో ఉండిపోయాయి. మా ఇంట్లో రెండు రోజులు. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని నలుగురం ఒకే మంచం మీద ముడుచుకున్నాం. మా ఇంటి నీళ్ల పైపులు అటకలోంచి పోతాయి, అక్కడ చాలా ఇళ్లలో అంతే. చలి తగ్గి కరెంటు వచ్చిందని సంబరపడే లోపల అటకలో పైపు పగిలి హాల్లో వాన. ఆ తుపానులో రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది పోయారు. వాళ్లలో కొందరు వెచ్చగా ఉంటుందని గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి కూర్చుని, పొగ విషమై పోయినవాళ్లు. ఇది మాత్రం గుర్తుపెట్టుకో పాపా, ఏ ఊరికి పోయినా.

ఎండదీ ఇదే కథ. సియాటిల్ అంటే మనవాళ్లకి ముసురు, గొడుగు గుర్తొస్తాయి. 2021 జూన్ 28న అక్కడ 42 డిగ్రీలు. మన ఊళ్లో 42 అంటే మజ్జిగ తాగి తలుపులేసుకుని పడుకుంటాం. అక్కడ చాలా ఇళ్లకి ఏసీ లేదు, ఇళ్లేమో వేడి బయటికి పోకుండా కట్టినవి. పైనున్న కెనడా బ్రిటిష్ కొలంబియాలో ఆ వేడికి 619 మంది చనిపోయారు. ఎండ ఊరైనా పూర్తిగా నమ్మే పని లేదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 దాటింది. ఏసీ నడిచే ఇంట్లో ఉన్నవాళ్లకి గడిచిపోయింది. రోడ్డున పడ్డవాళ్లకీ, ఏసీ చెడిపోయినవాళ్లకీ గడవలేదు.

"మనూరు మాత్రం?" అంది అమ్మ. నిజమే. రోళ్లు పగిలే రోహిణి కార్తెను నవ్వుతూ దాటేసే తిరపతి, 2021 నవంబరు వానకి విలవిల్లాడింది. అలిపిరి మెట్ల మీద నీళ్లు జలపాతంలా దూకుతున్న వీడియో నేను డాలస్‌లో కూర్చుని చూశా. ఫోన్ చేస్తే అమ్మ "వీధంతా ఏరయింది, మేము పైనుండాం, నువ్వు పడుకో" అంది. నిద్రెక్కడిది!

అందుకే పాపకి చెప్పా, ఎంత చలి, ఎంత ఎండ అని అడగడం సగం ప్రశ్నే. ఆ ఊరు దానికి సిద్ధంగా ఉందా, నువ్వు ఉండబోయే ఇల్లు సిద్ధంగా ఉందా అన్నది మిగతా సగం. ఇల్లు చూసేటప్పుడు హీటింగ్ అద్దెలో కలిసుందా, విడిగా కట్టాలా అని అడుగు. చికాగోలో జనవరి గ్యాసు బిల్లు, డాలస్‌లో ఆగస్టు కరెంటు బిల్లు, రెండూ కళ్లు తిరిగేవే. అదే ఇంట్లో ముందున్నవాళ్ల బిల్లు చూపించమనడంలో తప్పేం లేదు.

ఇంకో సంగతి, మన ఎండ అలవాటు గురించి. తిరపతిలో ఎండలో నడుస్తామంటే ఏం నడుస్తాం? ఇంటి నీడ, చెట్టు నీడ, సోడా బండి నీడ పట్టుకుని పోతాం, ఆటో ఎక్కేస్తాం. డాలస్‌లో జులైలో సగటున పగలు 36 దాకా పోతుంది. ఎక్కడ చూసినా తారు, కాంక్రీటు పార్కింగులు, నీడ ఉండదు, కారు లేకపోతే అడుగు కదలదు. పాపకి డ్రైవింగ్ రాదు. చికాగో ఆఫీసు ఊరి నడిమధ్యన ఉంది, రైలు దిగి నడిచిపోవచ్చు. వాతావరణం చూడ్డమంటే తలుపు తీసింది మొదలు ఆఫీసు కుర్చీ దాకా నువ్వు ఎన్ని నిమిషాలు దానిలో ఉంటావో చూడ్డం.

మరి చికాగోలో కష్టం లేదా? ఉంది, కానీ నువ్వు భయపడేచోట లేదు. చలిని డబ్బిచ్చి కొనుక్కున్న బట్టలతో ఆపొచ్చు. మోకాళ్ల దాకా కోటు, నీళ్లు దిగని బూట్లు, చేతికీ చెవులకీ తొడుగులు, లోపల పల్చగా రెండు పొరలు. అవి అక్కడే కొనుక్కో. ఇక్కడి స్వెట్టర్లు తిరుమల కొండ మీద తెల్లారి చలికి సరిపోతాయి గానీ మిచిగన్ సరస్సు గాలికి పనికిరావు. మోసేదల్లా బరువే.

బట్టలతో ఆగనిది చీకటి. డిసెంబరులో చికాగోలో సాయంత్రం నాలుగుం పావు దాటగానే పొద్దు గూకుతుంది. మన తిరపతిలో ఎంత చలికాలమైనా అయిదున్నర దాకా వెలుతురే కదా. నా మొదటి చలికాలం చీకట్లో వెళ్లి చీకట్లో రావడమే. ఏడుపు వచ్చేది, అమ్మ మీద బెంగ అనుకున్నా. డాక్టరు రక్తం పరీక్ష చేయించి విటమిన్ డి బాగా తక్కువుందన్నారు. అంత ఉత్తరాన చలికాలపు ఎండలో చర్మం దాన్ని తయారు చేసుకోలేదు, అందులోనూ మన ఛాయకి మరీ కష్టం. ఇప్పుడైతే అక్టోబరు నుంచే మాత్రలు వేసుకుంటా, మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు బయట తిరిగొస్తా. ఒంటరిగా పోయేవాళ్లు ముఖ్యంగా ఇది తేలిగ్గా తీసుకోవద్దు. భర్తతో పోయి, పని లేకుండా నాలుగు గోడల మధ్య ఉండాల్సిన ఆడపిల్ల అడిగితే నేను చికాగో అనను.

రెండోది నేల మీద కనపడని పల్చటి ఐసు. దాని మీద మన నడక చెల్లదు, బాతులాగా చిన్న అడుగులు వేయాల్సిందే. మా అక్కకి మోకాళ్ల నొప్పులు. "నువ్వు మాత్రం జూన్‌లో రా, సెప్టెంబరుకి వచ్చెయ్" అన్నా. మొహం చిన్నబుచ్చుకుంది, సంక్రాంతికి బిడ్డ దగ్గరుండాలని ఆమె ఆశ.

డాలస్ వాళ్లు నా మీద కోప్పడకండి, నేనిప్పుడుండేదీ అక్కడే. ఏడాదిలో ఎక్కువ రోజులు హాయి, తెలుగువాళ్లకి కొదవ లేదు. వసంతంలో వడగండ్లు మాత్రం కారు అద్దాలు పగలగొట్టేంత పడతాయి, ఇన్సూరెన్స్‌లో అది కలిసుందో లేదో చూసుకోవాలి. అదే రాష్ట్రంలోని ఆస్టిన్ వైపు పోయేవాళ్లలో తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లయితే డిసెంబరు, జనవరిల్లో అక్కడి సీడర్ చెట్ల పుప్పొడి గురించి ముందే అడిగి పోవాలి. నా కరివేపాకు చెట్టు కూడా 2021లో డాలస్‌లోనే పోయింది. చికాగోలో అక్టోబరు నుంచి మే దాకా కిటికీ పక్కన కుండీలో పెట్టుకుని ఎనిమిదేళ్లు కాపాడుకున్న చెట్టది. డాలస్‌లో చలేముందిలే అని బయట వదిలేశా.

"అయితే చికాగోనే అంటావా చిన్నమ్మా?" అంది పాప.

నీకైతే అదే. ఒంటిదానివి, ఆరోగ్యంగా ఉన్నావు, కారు లేదు. కుదిరితే అక్టోబరు కాదు, ఆగస్టు చివరికే పంపమని అడుగు. ఒంటికి కొంచెం కొంచెంగా అలవాటవుతుంది, చలి ముదిరేలోపు ఇల్లు, దారులు, నలుగురు మనుషులు కుదురుతారు. నేను జనవరిలో దిగి పడ్డ పాట్లు నువ్వు పడొద్దు.

అక్క ఇంకా విసురుకుంటూనే ఉంది. "అది సరే మే, అంత చలిలో పెరుగు తోడుకుంటాదా?"

తోడుకుంటుంది. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటి వేసి, గిన్నె పెట్టి తలుపు మూసేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు. పాప ఫోన్ తీసి అది రాసుకుంది. అంతసేపు నేను చెప్పినదాంట్లో అదొక్కటే రాసుకుంది.