మీ ముత్తాత పేరు పక్కనున్న ఆ మాట

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన దస్తావేజుల ఫోటోలు మూడూ చూశాను. 1926 నాటి అమ్మకం కాగితంలో మీ ముత్తాత పేరు పక్కన "మునసబు" అన్న మాట స్పష్టంగానే ఉంది. "మా ముత్తాత జడ్జి మావయ్యా!" అని ఎంత సంబరపడుతూ రాశావో! కానీ వంశవృక్షంలో ఎక్కించే ముందు కాస్త ఆగు నాయనా.

ఆ రోజుల్లో మునసబులు రెండు రకాలు. జిల్లా మునసబు సివిల్ కోర్టులో కూర్చునే జడ్జి. గ్రామ మునసబు శిస్తు వసూలు చేస్తూ, కరణంతో కలిసి ఊరి వ్యవహారాలు చూసే గ్రామాధికారి. జనం ఇద్దరినీ మునసబు గారనే పిలిచేవారు, కాగితాల్లోనూ ఒక్కోసారి అంతే రాసేవారు. మరి మీ ముత్తాత ఎవరు? మిగతా రెండు కాగితాలూ పక్కన పెట్టుకుని చూడు. 1909లోనూ, 1918లోనూ, 1926లోనూ ఆయన కాపురం అదే ఊళ్లో. జిల్లా మునసబుకు బదిలీలు ఉంటాయి, సొంత ఊళ్లో పదిహేడేళ్లు ఉండనివ్వరు. పైగా 1909 కాగితంలో ఆయన సాక్షి సంతకం చేసి, కింద "గ్రామ మునసబు" అని పూర్తిగా రాసుకున్నారు. నువ్వు అమ్మినవాళ్ల పేర్లు, కొన్నవాళ్ల పేర్లు చదివి సాక్షుల దగ్గర ఆగిపోయావు. ఒక కాగితంలో కుదించిన మాట ఇంకో కాగితంలో పూర్తిగా దొరుకుతుంది. అందుకే ఒక్క దస్తావేజు చూసి ఎప్పుడూ తేల్చకు.

ఆయన తగాదాలు విచారించేవారని మీ నానమ్మ చెప్పిన మాట మాత్రం నిజమే. చిన్న చిన్న బాకీల వ్యాజ్యాలు వినే అధికారం గ్రామ మునసబుకు ఉండేది. ఆ పదవి వంశపారంపర్యంగా వచ్చేది, 1895లో దానికి మద్రాసు ప్రభుత్వం చట్టం కూడా చేసింది. 1984లో కరణాల పదవులతో పాటు గ్రామ మునసబు పదవీ రద్దయింది. పదవి వంశపారంపర్యం కాబట్టి ఆయన తండ్రి కాగితాలు వెతికితే, ఇదే మాట మళ్లీ కనిపించవచ్చు.

జనాభా లెక్కల కాగితాలు ఎక్కడ దొరుకుతాయని అడిగావు. ఇంగ్లండులో పాత లెక్కల్లో ఇంటింటి పేర్లూ, వృత్తులూ చూసుకోవచ్చు గానీ మన దగ్గర ఆ వీలు లేదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. అచ్చయిన రిపోర్టుల్లో ఏ వృత్తిలో ఎంతమందో ఉంటుంది, పేర్లుండవు. మనకు ఆ లోటు తీర్చేది దస్తావేజే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మనిషిని గుర్తించడానికి తండ్రి పేరు, నివాసంతో పాటు వృత్తి కూడా రాయాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫీజు కడితే స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం, పేర్ల ఇండెక్సు ఎవరైనా చూడొచ్చు. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, ఆ ఇండెక్సు ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు.

మాట ఒకటే అయినా ఊరు మారితే అర్థం మారిపోతుంది. కోస్తాలో "అమీనా" అంటే కోర్టు తరఫున జప్తుకు వచ్చేవాడు. నిజాం రాజ్యంలో "అమీన్" అంటే పోలీసు ఠాణా అధికారి. "మేస్త్రి" అంటే మన ఊళ్లో గోడ కట్టేవాడు, రంగూన్ వెళ్లిన కుటుంబాల కాగితాల్లో కూలీలను పోగు చేసి పని చేయించేవాడు. అదే రంగూన్ కాగితాల్లో "కొరంగీ" అని కనిపిస్తే వృత్తి అనుకోకు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను అలా పిలిచేవారు. తెలంగాణ కాగితంలో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే ఇంగ్లీషు సంవత్సరం కోసం 590 కలుపు: ఫసలీ 1364 అంటే 1954-55.

గొలుసుకట్టు రాత చూసి టెన్షన్ పడకు. నీకు ముందే తెలిసిన ఊరి పేరు, మనిషి పేరు పట్టుకుని, ఆ లేఖరి "మ" ఎలా రాశాడో, "స" ఎలా రాశాడో వేరే కాగితం మీద దించుకో. ఆ తర్వాత తెలియని మాట చదువు. అర్థం ఊహించి అక్షరాలను దానికి సరిపెట్టావా, తప్పు చదివేస్తావు.

ఇంకొక్క సంగతి. మా తాత, అంటే మీ అమ్మకూ తాతే, కలెక్టరు కచేరీలో ఉద్యోగి అని మా నాన్న అందరికీ చెప్పేవారు. నాకు దొరికిన కాగితంలో "బిళ్ళ బంట్రోతు" అని ఉంది. ఇత్తడి బిళ్ళ పెట్టుకుని ఎండలో తాకీదులు మోసిన మనిషి ఆయన. ఆ మాట చదివాక ఆయన నాకు ఇంకా దగ్గరయ్యారు. మీ అమ్మ వైపు చెట్టు గీసేటప్పుడు గుమాస్తా అనో ఉద్యోగి అనో మార్చకు, బిళ్ళ బంట్రోతు అనే రాయి.

1918 కాగితం రెండో పేజీ ఫోటో మసకగా వచ్చింది. పగటి వెలుతురులో, సాక్షుల సంతకాలూ లేఖరి పేరూ కింద దాకా పడేలా మళ్లీ తీసి పంపు.

మీ మావయ్య