ఔటర్ రింగ్ రోడ్డుకి ఇంకో రెండు లేన్లు కలిపితే బెంగళూరు ట్రాఫిక్ తీరుతుందా?

తీరదు. నేను ఇంజనీర్ని కాను. పదకొండేళ్లుగా ఆ రోడ్డు మీదున్న మారతహళ్లిలో ఉంటున్నాను, అంతే. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అనంతపురం జిల్లాలో ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైరైన మా మామయ్యగారి దగ్గర నేర్చుకున్నవే.

మూడేళ్ల కిందట సంక్రాంతి అయ్యాక ఆయన మా ఇంటికొచ్చారు. ఒకరోజు సాయంత్రం ఆరింటికి పాలకని వెళ్లిన మనిషి ఏడున్నరైనా రాలేదు. ఫోన్ చూస్తే ఇంట్లోనే ఉంది. టెన్షన్‌తో వెతుక్కుంటూ పోతే రింగ్ రోడ్డు స్కైవాక్ మీద కనిపించారు. పాల ప్యాకెట్లు కాళ్ల దగ్గర పెట్టుకుని, కరెంటు బిల్లు వెనకాల గీతలు గీస్తున్నారు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

"ఏం చేస్తున్నారు మామయ్యా?" అంటే "సెన్సస్ అమ్మా" అన్నారు, తల ఎత్తకుండానే.

సర్వీసులో ఉండగా ఏడు రోజులు, రాత్రింబవళ్లు, రోడ్డు పక్కనే కూర్చుని బండ్లు లెక్కపెట్టేవాళ్లట. తర్వాత ఏ బండి ఎన్ని కార్ల చోటు తింటుందో చూసి, అన్నిటినీ కార్ల కింద మార్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పల్లె రోడ్లకి ఇచ్చిన లెక్క ప్రకారం మోటార్‌సైకిల్ అర కారు, బస్సు మూడు కార్లు, ఎద్దుల బండి ఎనిమిది కార్లు. సిటీ రోడ్ల లెక్క వేరే, కానీ ఆయనకి కంఠతా వచ్చింది ఇదే. "ఇక్కడ ఎద్దుల బండి ఎక్కడుంది మామయ్యా?" అన్నాను. వాటర్ ట్యాంకర్ కేసి చూపించి "దాన్నే అనుకో" అన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ఒక పావుగంటలో పోయిన బండ్ల లెక్క విప్పారు. ఒకవైపు పోయిన కార్లు 310, బస్సులు 14. బస్సుకి యాభై మంది చొప్పున ఏడు వందల మంది. వాళ్లు ఆక్రమించింది 42 కార్ల చోటు. 310 కార్లలో ఎంతమంది ఉంటారు? చాలావాటిలో డ్రైవర్ తప్ప ఎవరూ లేరు, మహా అయితే నాలుగు వందలు. ఒక్క పావుగంట లెక్కే, ఒప్పుకుంటాను. నాకు మాత్రం అది చాలు. బస్సులో వెళ్లే ఏడు వందల మందీ ఆ నాలుగు వందల మంది వెనక హారన్లు వింటూ నిలబడాలి! 2019లో ఈ రింగ్ రోడ్డు మీదే సిల్క్ బోర్డు జంక్షన్ నుంచి కె.ఆర్. పురం దాకా బస్సులకి విడిగా లేన్ పెట్టారు. ఉన్నన్నాళ్లూ నేను ఆఫీసుకి టైముకి చేరాను. ఇప్పుడది లేదు. మ్యాప్ చూసుకుని మా సందులోకి దూరే కార్లకీ, ఫుట్‌పాత్ ఎక్కే బైకులకీ ఉన్న స్వేచ్ఛ బస్సుకి లేదు.

లేన్ల సంగతికొస్తే, మామయ్యగారు కిరసనాయిలు గరాటు గురించి చెప్పారు. పైన మూతి ఎంత పెద్దదైనా కింద కాడలోంచి దిగేంతే దిగుతుంది. మనకి ఆ కాడ కె.ఆర్. పురం దగ్గరి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్. రింగ్ రోడ్డు బండ్లూ, ఓల్డ్ మద్రాస్ రోడ్డు బండ్లూ అక్కడే కలవాలి. మారతహళ్లిలో రెండు లేన్లు కలిపితే టిన్ ఫ్యాక్టరీ ముందు రెండు వరుసలు ఎక్కువ నిలబడతాయి.

పోనీ ఆ కాడ కూడా వెడల్పు చేశారనుకోండి. జామ్‌కి భయపడి ఇన్నాళ్లూ బండి తీయనివాళ్లు తీస్తారు. మా ఆయనే ఉన్నారు. ఆఫీసు క్యాబ్‌లో వెళ్తారు, మా కారు బేస్‌మెంట్‌లో కవర్ కప్పుకుని ఉంటుంది. రెండేళ్లలో ఓడోమీటర్ నాలుగు వేలు కూడా దాటలేదు. రోడ్డు ఖాళీగా ఉందని తెలిస్తే మర్నాడే ఆ కవర్ తీసేస్తారు, నేనెంత మొత్తుకున్నా ఆగరు.