కుక్కతో నడకకు వెళితే కర్ర ఎత్తుతున్నారు

ప్రశ్న: వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి మూడేళ్లుగా పెంచుకుంటున్నాను. ఎండకు జడిసి ఉదయం ఐదున్నరకే దానిని నడకకు తీసుకువెళతాను. ఈ మధ్య ఒక పెద్దాయన ఎదురైనప్పుడల్లా చేతికర్ర ఎత్తి నోటికి వచ్చినట్లు తిడుతున్నారు; నిన్న రాయి కూడా విసిరారు. మా కుక్క ఎవరినీ కరవలేదు. నేను ఎదురు తిరిగి మాట్లాడాలా, నడక వేళ మార్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: రాయి విసిరేదాకా వచ్చిన తరువాత దీనిని చిన్న చికాకుగా తీసిపారేయలేము. అయినా, కుక్క మీ పక్కన ఉన్నంతసేపు మాత్రం వాదనకు దిగకండి. మీ గొంతు పెరిగినా, భయంతో మీరు బెల్టును బిగబట్టినా, ఆ బిగువు కుక్కకు వెంటనే తెలిసిపోతుంది. ఎదుటి మనిషి వల్ల ఏదో ముప్పు ఉందనుకొని అది మొరిగి మీదికి ఉరికితే, తిట్టిన ఆయన మాటే నిజమని చూసేవారికి తోస్తుంది. ఆయన దూరాన కనబడగానే రోడ్డు దాటి, బెల్టును పొట్టిగా, అయితే లాగకుండా పట్టుకొని, ఆగకుండా సాగిపోండి. చేతిలో రాయి కనబడితే వెనుదిరిగి టీ అంగడి వంటి నలుగురు ఉన్న చోటికి చేరండి.

మన ఊళ్లలో చీకటితో నడకకు బయలుదేరే పెద్దలు కర్ర పట్టుకునేది ఎక్కువగా వీధి కుక్కల గుంపులకు భయపడే. మీది నాటు కుక్క కనుక, మసక వెలుతురులో దానికీ వాటికీ ఆయనకు తేడా కనబడకపోవచ్చు. మెరిసే రంగు పట్టీ వేస్తే కొంత మేలు. ఒక సాయంత్రం కుక్కను ఇంట్లో విడిచి, ఆయనకు తెలిసిన పొరుగువారిని వెంటబెట్టుకొని వెళ్లి, రేబిస్ టీకా కార్డు చూపించి మాట్లాడండి. ఒకప్పుడు కుక్క కరిచిన మనిషి కావచ్చు. ముందుగా ఆయన చెప్పేది వినండి.

మాట వినని పక్షంలో చట్టం ఉంది. జంతువును కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మీ మీదికే వస్తే 112కు ఫోన్ చేయండి. ఏ రోజు, ఏ వేళకు, ఎవరి ముందు జరిగిందో రాసి ఉంచుకుంటే ఫిర్యాదుకు బలం వస్తుంది. ఆయన ముఖానికి ఫోన్ పెట్టి వీడియో తీయడం మాత్రం వద్దు. అది తగవు పెంచుతుంది. అదే సంహితలోని 291వ సెక్షన్, పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికీ శిక్ష విధిస్తుంది కనుక, వీధి ఎంత ఖాళీగా ఉన్నా బెల్టు విప్పకండి.

ఇక వేళ సంగతి. పొద్దెక్కాక అనంతపురం వేసవిలో తారు రోడ్డు కుక్క పాదాలను కాలుస్తుంది కాబట్టి నడకను ఆలస్యం చేయలేరు. ఆయనతో మాట్లాడేంతవరకు వీధి మార్చితే సరిపోతుంది.