తమ్ముడి చీటీకి అక్క సంతకం

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. చేతికొచ్చే జీతం 62 వేలు. అనంతపురంలో అమ్మానాన్నలకి 20 వేలు, ఇక్కడ అద్దె 14 వేలు, నా చదువు అప్పు వాయిదా 11 వేలు పోతాయి. తమ్ముడు 5 లక్షల చీటీ (25 నెలలు, నెలకి 20 వేలు) వేశాడు. వచ్చే నెల 5వ పాటలో పాడుకుంటాడట, నన్ను ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నాడు. వెనకాడితే ‘నీ సంగతే చూసుకుంటున్నావు’ అంటున్నారు ఇంట్లో. మనపట్ల మనకి బాధ్యత అనేది నిజంగా ఉందా, స్వార్థానికి పెట్టుకున్న మంచి పేరా?

జవాబు: ఉందమ్మా. అయితే లేదనే వాదమూ తేలికైనదేం కాదు. నేను మీకు బాకీ ఉంటే దాన్ని మాఫీ చేసే హక్కు మీది. నాకు నేనే బాకీ పడితే ఎప్పుడు కావాలంటే అప్పుడు మాఫీ చేసుకుంటాను, మరది బాధ్యత ఎలా అవుతుంది? అమెరికన్ తత్త్వవేత్త మార్కస్ సింగర్ 1959లో ఈ చిక్కునే గట్టిగా ముందుకు తెచ్చాడు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1797లోనే దీన్ని ఎత్తుకుని జవాబు చెప్పాడు: తనకు తాను కట్టుబడలేనివాడు ఇంకొకరికి కట్టుబడనూ లేడు. తమ్ముడికిచ్చే మాటకి బలం ఉండాలంటే, ఆ ముడి మీ చేత్తో మీరే వేసుకోవాలి కదా.

పైగా మాఫీ చేసేది ఇవాళ్టి మీరు, కట్టాల్సింది ఏడాది తర్వాతి మీరు. ఆవిడ ఒప్పుకుందో లేదో అడిగే దారి లేదు.

ఇక సంతకం సంగతి. 5వ నెలలో పాడుకుంటే ఇంకా 20 వాయిదాలు, అంటే 4 లక్షలు మిగులుతాయి. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారుకి ఎంత బాధ్యతో ష్యూరిటీకీ అంతే. ముందు తమ్ముణ్ణి అడిగాకే మీ దగ్గరికి రావాలనేం లేదు. పాడుకున్నవాళ్లు వాయిదా తప్పితే మిగిలినవన్నీ ఒక్కసారే కట్టమని నోటీసు ఇవ్వడానికి 1982 చిట్‌ఫండ్ చట్టం వీలిస్తోంది. మీకు నెలకి మిగిలేది 17 వేలు, తిండీ బస్సు ఖర్చూ అందులోనే. ఒక్క వాయిదా కూడా మీ వల్ల కాదు. సంతకం పెట్టకండి.

ఇది స్వార్థమూ కాదు. సాయం చేయడం విధే, కానీ ఎవరికి ఎంత అన్నదాంట్లో వెసులుబాటు ఉంటుందంటాడు కాంట్. అందరూ తమ అసలు అవసరాలు వదులుకుని ఇతరుల్ని సుఖపెట్టాలనే సూత్రం తనకు తానే అడ్డుపడుతుందనీ అంటాడు. అందరూ ఖాళీ చేతులతో మిగిలితే ఇచ్చేవాళ్లెవరు?

అమ్మానాన్నలకి పంపేది మాత్రం ఆపకండి. అయితే 2007 చట్టం తల్లిదండ్రుల పోషణ బాధ్యత కొడుకుమీదా కూతురిమీదా పెట్టింది. ఆ 20 వేలలో తమ్ముడి వంతు ఎంతో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

తమ్ముడికి వేరే దారులున్నాయి. చాలా చీటీ కంపెనీలు ష్యూరిటీకి బదులు బ్యాంకు డిపాజిట్టో, ఎల్ఐసీ పాలసీయో తీసుకుంటాయి. మీరు ఇవ్వగలిగితే, తిరిగి రాకపోయినా తట్టుకోగల మొత్తమే ఇవ్వండి, అది ఎంతో ముందే చెప్పండి.

‘చూద్దాంలే’ అని మాత్రం అనకండి. మిమ్మల్ని నమ్ముకుని పాట పాడేశాక వద్దంటే, సరైన హామీ చూపేదాకా సొమ్ము అతని చేతికి రాదు, నెలనెలా వాయిదా మాత్రం కట్టాలి. పాటకి ముందే, ఈ వారంలోనే, ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని ఈ లెక్క చూపించి చెప్పండి.